చీకటి పరీక్ష

కెమిస్టుని చంపడానికి తుపాకీ వాడలేదు.

మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కి వెళ్ళిన సమయం చూసి, అతను పనిచేసుకుంటున్న చిన్న గదికి బయట గడియ పెట్టారు. తలుపు కింద సందులోంచి రబ్బరు గొట్టం దూర్చి సిలిండర్ తిప్పారు. కార్బన్ డయాక్సైడ్. గాలికన్నా బరువైనది. నేల మీద నీళ్ళలా పరుచుకుంటుంది. మోకాళ్ళ దాకా, నడుం దాకా, గొంతు దాకా నిండుతుంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు స్టూలు ఎక్కాడు. తర్వాత బల్ల ఎక్కాడు. ఆ తర్వాత ఎక్కడానికి ఏమీ లేదు. గ్యాస్ తొందరపడలేదు. ఆఖర్న కిందికి దిగొచ్చి తలుపు గీకాడు.

జీవితమంతా ఆ గ్యాస్‌కి వెలుగు చూపించి దాన్ని ఇంధనంగా మార్చాలని తంటాలు పడిన మనిషి. చివరికి మార్చి చూపించాడు. చూపించిన వారానికే ఆ గ్యాస్‌తోనే చంపారు.

*

లిఫ్టులు రిపేరు చేసే షాపు కౌంటర్ దగ్గరికి ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు.

"మూడో అంతస్తు బటన్ వెలగట్లేదు," అన్నాడు.

"నాలుగు నొక్కి ఒకటి దిగండి," అంది కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండా.

కోడ్ సరిపోయింది. వెనక తలుపు తెరుచుకుంది.

ఆ గూఢచారి డిపార్ట్‌మెంటులో అతన్ని పిల్లి అంటారు. అడుగుల చప్పుడు వినపడదని కొందరు, ఎక్కణ్ణించి పడేసినా కాళ్ళ మీదే నిలబడతాడని కొందరు. ఎవరింట్లో పాలు తాగినా ఎవరికీ చెందడని వాళ్ళ వదిన.

లోపల పెద్దాయన బల్ల మీద ఫోటోలు పరిచి కూర్చున్నాడు. అతని పేరు ఎవరికీ తెలీదు. అడిగినవాళ్ళు ఎక్కువకాలం ఆఫీసులో ఉండలేదు.

"చూశావా? తలుపు మీద గోళ్ళ గుర్తులు."

"చూశాను సార్."

"అతని భార్య కూడా చూసింది. శవాన్ని గుర్తుపట్టడానికి రమ్మంటే ముఖం చూడలేనంది. వేళ్ళు చూపించాం. సరే, పనిలోకొద్దాం." పెద్దాయన ఫోటోలు పేకముక్కల్లా సర్దాడు. "ఈయన రాగిలో ఇంకేదో లోహం కొంచెం కలిపి ఒక పొడి తయారుచేశాడు. కేటలిస్ట్. ఇటుక రంగులో ఉంటుంది. నీళ్ళలో ఆ పొడి వేసి, ఫ్యాక్టరీ పొగలోంచి తీసిన కార్బన్ డయాక్సైడ్ పంపించి, పైన లైటు వేస్తే మిథనాల్ వస్తుంది. బండి నడుస్తుంది, పొయ్యి వెలుగుతుంది."

"ఇలాంటివి పేపర్లో నెలకోటి చదువుతాం కదా."

"అవన్నీ చెంచాడు ఇంధనమిచ్చి మర్నాటికి చస్తాయి. ఈయన పొడి చావలేదు. ఎండలో పెడితే పనిచేస్తూనే ఉంది. కానీ గాలి తగిలితే మాత్రం అక్కడికక్కడే పోతుంది. తయారీ పద్ధతి ఎవరికీ చెప్పకుండా బుర్రలో పెట్టుకున్నాడు. ఇప్పుడా బుర్ర లేదు. మిగిలింది అతని ల్యాబ్‌లో, సీలు వేసిన గాజు గొట్టంలో చిటికెడు పొడి. ఎక్స్‌రే మెషీన్‌లో పెడితే లోపల ఏ పరమాణువు పక్కన ఏ పరమాణువుందో బయటపడుతుంది. అది తెలిసినవాడు బస్తాల కొద్దీ చేసుకుంటాడు."

"చంపింది?"

"ఓనరు. పద్ధతి తనకి అమ్మలేదని."

పిల్లి సరిగ్గా కూర్చున్నాడు. సరిహద్దు అవతలి ముఠాకి ఓనరు. అతని ముఖం చూశామని చెప్పినవాళ్ళు లేరు.

"వాడికి ఒక అలవాటుంది," అన్నాడు పెద్దాయన. "ఒకప్పుడు వాడూ కెమిస్టే. సరుకు పరీక్ష ఇంకొకళ్ళతో చేయించడు. స్వయంగా వస్తాడు, తన చేత్తో చేసుకుంటేనే నమ్ముతాడు. అందుకే ఎర వేస్తున్నాం. మన ల్యాబ్‌వాళ్ళు నకిలీ పొడి చేశారు. వట్టి ఇటుక పొడి. దానికి మిథనాల్ బాగా పట్టించారు. ల్యాంప్ వేడికి అదే మెల్లగా బయటికొస్తుంది. చూసేవాడికి వెలుగు వల్ల పుట్టినట్టే ఉంటుంది."

"ల్యాంప్ ఆర్పితే?"

"చల్లారుతుంది, ఆగిపోతుంది. ఇంకా బాగా నమ్ముతాడు."

"ల్యాంప్ ఆర్పి, చీకట్లో వేడినీళ్ళలో పెట్టి చూస్తే? అప్పుడూ మిథనాల్ వస్తుంది. వెలుగు లేకుండా వచ్చిందంటే నకిలీ అని పసిపిల్లాడికి కూడా తెలిసిపోతుంది కదా సార్."

పెద్దాయన టీ గ్లాసు ఎత్తి తాపీగా తాగాడు. "అంత ఆలోచిస్తాడంటావా?"

"ఆలోచిస్తే తెచ్చినవాళ్ళని చంపుతాడు."

"అందుకే నువ్వు వెళ్ళేది. ల్యాంప్ మెకానిక్ వేషం. ఇది పెట్టుకో." ఎలక్ట్రీషియన్లు జేబులో పెట్టుకునే టెస్టర్ అది. పిడిలో ట్రాన్స్‌మిటర్. "ఓనరు తన చేత్తో పరీక్ష మొదలుపెట్టాక నొక్కు. అప్పటిదాకా ఎక్కడికి తీసుకెళ్తారో మనకి తెలీదు కాబట్టి కమాండోలు దూరంగా ఉంటారు. అరగంట పడుతుంది. ఆ అరగంట వాణ్ణి అక్కడ కూర్చోబెట్టాలి."

"సరుకు తెచ్చేదెవరు?"

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు.

"మీ వదిన."

*

పిల్లి అన్నయ్యని ఓడరేవు పనికి పంపింది కూడా పెద్దాయనే. బస్సెక్కించడానికి పిల్లీ వదినా వెళ్ళారు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి కనపడింది. తర్వాత ఏమీ కనపడలేదు, పూడ్చడానికి కూడా. వదిన మూడు నెలలు ఏడ్చి, నాలుగో నెల వచ్చి అదే డిపార్ట్‌మెంటులో చేరింది. పారిశ్రామిక గ్యాస్ కంపెనీలో సేల్స్ మేనేజర్‌గా కవర్. ఓనరు మనుషులు ఆవిణ్ణి తమ మనిషనుకుంటారు. డిపార్ట్‌మెంటు కూడా అలాగే అనుకుంటుంది. డబుల్ ఏజెంట్ అనే మాటకి అర్థం అదే కాబట్టి ఎవరూ దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు.

వదిన అందగత్తె. ఆ సంగతి ఆవిడకి తెలుసు. పట్టు బ్లౌజు, ఎర్రటి గోళ్ళు, నల్ల కళ్ళద్దాలతో కంపెనీ వ్యాన్ నడుపుతుంటే, గేట్లు తీసేవాళ్ళు గేటు సంగతి మర్చిపోయి ఆవిణ్ణే చూస్తారు.

"ఆ మీసం ఏంటి మరిదీ? చీపురు ముక్క అతికించారా?"

"డిపార్ట్‌మెంటు మీసం వదినా. తీసి తిరిగిచ్చెయ్యాలి."

"మీ అన్నకి అసలు మీసం ఉండేది. అదీ తిరిగివ్వలేదు వాళ్ళు." గేరు మార్చింది. "సరే చెప్పు. నాకిచ్చిన గొట్టంలో ఉన్నది నకిలీదేగా?"

"అవును."

"వేడినీళ్ళ పరీక్ష చేస్తే?"

పిల్లి రోడ్డు వైపు చూశాడు. సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం ఒకటి వెనక్కి వెళ్ళింది, దాని వెనక ఇంకొకటి.

"చెయ్యడులే."

"పెద్దాయన చెప్పమన్నాడా, నువ్వే చెప్తున్నావా?"

"ఇదే ఆఖరి పని వదినా. అయిపోతే నీకు కొత్త పేరు, కొత్త పాస్‌పోర్టు. నీ బతుకు నీది. నేను మాటిస్తున్నా."

వదిన నవ్వింది. నవ్వుతున్నప్పుడు ఆవిడ రోడ్డు మీద నుంచి చూపు తిప్పదు. "పాస్‌పోర్టు ఎన్నేళ్ళనించి అడుగుతున్నానో తెలుసా? ప్రతిసారీ ఇదే ఆఖరి పని. మొన్న నైట్రోజన్ సిలిండర్ మార్చడానికి ఆ చచ్చిపోయినాయన ల్యాబ్‌కి వెళ్ళా. ఆ తలుపు ఇంకా మార్చలేదు. అలాగే ఉంది. చూస్తూ నిలబడ్డా. నాకు అలా చావాలని లేదు మరిదీ. ఇంక ఏ రకంగానూ చావాలని లేదు. అంత పెద్ద కోరికా అది?"

"నేనున్నా కదా."

"ఉన్నావు," అంది వదిన. "ఉంటావు కూడా. పిల్లివి."

*

మూతపడిన రంగుల ఫ్యాక్టరీ అది. గోడల మీద ఎప్పటివో నీలం, ఎరుపు మరకలు. ఎత్తైన కిటికీల్లోంచి మధ్యాహ్నపు ఎండ పలకలు పలకలుగా పడుతోంది. ఇద్దరు కాపలావాళ్ళు, ఒకడికి గుండు, ఇంకొకడు తాడిచెట్టంత పొడుగు. మధ్యలో పొడవాటి బల్ల. గాజు ఫ్లాస్క్, గ్యాస్ సిలిండర్లు, మిథనాల్ కొలిచే ఒక మీటరు. చివర్లో ఇనప్పెట్టెలాంటి ఎక్స్‌రే మెషీన్.

ఓనరు వచ్చాడు. మోచేతుల దగ్గర కుట్లేసిన స్వెట్టర్, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నాడు. ఇతని కోసమా ఇన్ని దేశాలు వెతుకుతున్నది అనిపించింది పిల్లికి. రిటైరైన లెక్చరర్‌లా ఉన్నాడు.

"రా తల్లీ," అన్నాడు వదినతో. "దారిలో ఇబ్బంది కాలేదు కదా? ఇతనెవరు?"

"ల్యాంప్ కంపెనీ మెకానిక్ సార్. అంత పెద్ద ల్యాంప్ పెట్టడం మనవాళ్ళకి రాదు."

"నీ మనిషేనా?"

"నేనే తెచ్చాను."

"అయితే సరే."

ఓనరు నైట్రోజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలోకి చేతులు దూర్చి, గాజు గొట్టం విరిచి, పొడిని ఫ్లాస్క్‌లోకి ఒంపాడు. నీళ్ళు పోసి రబ్బరు బిరడా బిగించాడు. బిరడాలోంచి వెళ్ళే సన్న గొట్టంతో కార్బన్ డయాక్సైడ్ వదిలాడు. ఎర్రటి నీళ్ళలో బుడగలు లేచాయి. తల్లి పసిబిడ్డకి నీళ్ళు పోసేంత జాగ్రత్తగా చేశాడు అంతా.

పిల్లి జేబులో టెస్టర్ పిడి నొక్కాడు.

"వెయ్యవయ్యా లైటు."

ల్యాంప్ వెలిగింది. మీటరు తెర మీద పచ్చ గీత కాసేపు పడుకునే ఉంది. తర్వాత కదిలింది. తర్వాత లేచింది.

"మిథనాల్," అన్నాడు ఓనరు, ముక్కు తుడుచుకుంటూ. "ఆర్పు."

ఆర్పితే గీత మెల్లగా దిగిపోయింది. గుండువాడు చప్పట్లు కొట్టబోయాడు. ఓనరు చెయ్యెత్తి ఆపాడు. ల్యాంప్ దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు.

"బాగా వేడిగా ఉందే మెకానిక్?"

"పెద్ద ల్యాంప్ కదా సార్," అన్నాడు పిల్లి.

"అదేనయ్యా నా అనుమానం. పనిచేసింది వెలుగా, వేడా?" పొడుగువాడి వైపు తిరిగాడు. "నీళ్ళు కాచి పట్రా. ఫ్లాస్క్‌కి నల్లగుడ్డ చుట్టండి. ఈ పరీక్ష చెయ్యకుండా సంబరపడినవాళ్ళు మా వృత్తిలో ఎంతమందో. ముందు సంబరపడ్డారు, తర్వాత పరువు పోగొట్టుకున్నారు."

నల్లగుడ్డ చుట్టిన ఫ్లాస్క్‌ని పొగలు కక్కే నీళ్ళలో దించారు. పిల్లి కళ్ళు పచ్చ గీత మీదే ఉన్నాయి. గీత లేచిందంటే వదిన చచ్చినట్టే. వేళ్ళు టెస్టర్ మీద బిగుసుకున్నాయి. గుండువాడి నడుం దగ్గర తుపాకీ ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు. దూకాలి. వదినని బల్ల కిందికి తొయ్యాలి. ఆ తర్వాత సంగతి తర్వాత.

గీత లేవలేదు.

నీళ్ళ మీద పొగలు తగ్గేదాకా చూశారు. మళ్ళీ వేడినీళ్ళు మార్చి చూశారు. గీత అలాగే పడుకుని ఉంది. వట్టి వేడికి చుక్క కూడా రాలేదు.

పిల్లికి ముందు ఊపిరి వచ్చింది. అమ్మయ్య, వదిన బతికింది అనుకున్నాడు. ఆ ఊపిరి బయటికి వదలకముందే లెక్క తట్టింది. నకిలీ పొడైతే ఈ వేడికి మిథనాల్ కక్కి తీరాలి. కక్కలేదంటే ఇది నకిలీ కాదు.

ల్యాంప్ వైరు సర్దే నెపంతో వదిన పక్కన వంగాడు.

"అసలుదా?" అన్నాడు పెదాలు కదపకుండా.

"మరి?" వదిన చేతి అద్దంలో చూసుకుంటూ బొట్టు సర్దుకుంటోంది. "మొన్న సిలిండర్ మార్చినప్పుడు గొట్టాలు కూడా మార్చా. మీ నకిలీది అక్కడ భద్రంగా ఉంది."

"ఎందుకు వదినా?"

"ఈ పరీక్ష చేస్తాడని నీకు తెలుసు. పెద్దాయనకీ తెలుసు. తెలిసి పంపారు. వీడు పాస్‌పోర్టు ముందే చేతికిచ్చాడు మరిదీ. ఇప్పుడు చెప్పు, ఎవడు మంచోడు?"

పిల్లి వైరు వదిలి లేచాడు.

"అసలు సరుకు!" ఓనరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అతని కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. జలుబో, ఆనందమో. "మహానుభావుడు. బతికుంటే దండం పెట్టేవాణ్ణి." బిరడాలోని సన్న గొట్టంలోంచి ఫ్లాస్క్‌లో నీళ్ళు సిరంజితో లాగేశాడు. గాజు అడుగున ఎర్రటి పొర మిగిలింది. బిరడా తియ్యకుండా ఫ్లాస్క్‌ని అలాగే ఎక్స్‌రే మెషీన్‌లో కూర్చోబెట్టాడు. "స్కాన్ అవుతూనే బొమ్మ శాటిలైట్‌లో మా ల్యాబ్‌కి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఈ పొడి ఉన్నా పోయినా ఒకటే. ఆ ల్యాంప్ తీసెయ్యవయ్యా, మూత వెయ్యడానికి అడ్డంగా ఉంది."

కమాండోలు ఇంకా రాలేదు. ఓనరు వేలు బటన్ వైపు వెళ్తోంది.

ఎవడు చేస్తే ఏంటి అనిపించింది పిల్లికి ఒక్క క్షణం. ఎవడి పొయ్యి వెలిగినా వెలుగే కదా. పొగ తగ్గితే అందరికీ తగ్గుతుంది. వదిన సాయంత్రానికి విమానంలో ఉంటుంది. ఆ తర్వాత తలుపు మీద గోళ్ళ గుర్తులు కళ్ళ ముందుకొచ్చాయి. అవి రాకపోయినా అతను చేసేది అదేనేమో. ఎప్పుడూ చెప్పిన పని చేసిన మనిషి.

ల్యాంప్ ఎత్తుతూ తూలాడు. మోచెయ్యి ఫ్లాస్క్‌కి తగిలింది. పడకుండా పట్టుకున్నట్టు పట్టుకుని, బిరడా లాగేశాడు.

'టప్' మని చిన్న చప్పుడు.

"అయ్యయ్యో! చెయ్యి జారింది సార్!"

గాజు అడుగున ఎర్రటి పొర అంచుల నుంచి నల్లబడింది. కాలిన కాగితం ముడుచుకున్నట్టు నలుపు మధ్యకి పాకింది. ఓనరు బిరడా తీసుకుని మళ్ళీ పెట్టబోయి, మధ్యలో మానేశాడు. పెట్టి లాభం లేదని ఆ గదిలో అందరికన్నా అతనికే బాగా తెలుసు.

"చచ్చింది," అన్నాడు.

పొడుగువాడు పిల్లిని జుట్టు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. తుపాకీ మెడకి ఆనింది.

అప్పుడు వదిన అరిచింది. "వాడు కావాలనే చేశాడు! వాడు మెకానిక్ కాదు సార్, వాడు మా మరిది! డిపార్ట్‌మెంటు మనిషి! ఆ మీసం పీకండి!"

పొడుగువాడు మీసం పట్టి లాగాడు. డిపార్ట్‌మెంటు జిగురు గట్టిది. మీసం రాలేదు, పెదవి మీద రక్తం వచ్చింది.

ఓనరు పిల్లి ముందు గొంతుకూర్చున్నాడు. "ఈవిడ మీ వదినా అబ్బాయ్?"

ఇంకాసేపు. కమాండోలు వచ్చేదాకా ఇంకాసేపు. "నాకెవరో తెలీదు సార్. పొద్దున వ్యాన్ ఎక్కించుకుని తెచ్చారు. నేను ల్యాంపులు బిగించుకునేవాణ్ణి."

"అబద్ధం!" అంది వదిన.

ఓనరు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. పాఠం చెప్తున్నట్టే చెప్పాడు. "చూడు తల్లీ. వీడు పోలీసే అయితే, పోలీసుని నా దగ్గరికి తెచ్చింది నువ్వు. వీడు మామూలు మెకానిక్ అయితే, నువ్వు ఇంకేదో దాచడానికి అబద్ధమాడుతున్నావు. లెక్క ఎటు చేసినా నువ్వే వస్తున్నావు. వీడి సంగతి రెండోది."

వదినకి అర్థమైంది. ఆవిడ తెలివైనది. అరవడం మానేసి పిల్లి వైపు తిరిగింది. ఎర్రటి గోళ్ళ చేతులు రెండూ కిందికి వదిలేసింది.

"సరే మరిదీ. పోయేదాన్నేగా. ఒక్కసారి వదినా అను."

పిల్లి ఆవిడ ముఖంలోకి చూశాడు.

"మేడమ్, మీరెవరో నాకు తెలీదు," అన్నాడు. "నన్నెందుకు ఇరికిస్తారు?"

గుండువాడు పేల్చాడు. ఫ్యాక్టరీ అంతా మోగింది. ఆ మోత ఆగకముందే కిటికీ అద్దాలు భళ్ళున పగిలి తాళ్ళు దిగాయి. పొడుగువాడి తుపాకీ నేల మీద పడింది. తాడు మీంచి దూకిన కమాండో బూటు వదిన చేతి అద్దం మీద పడి అది ముక్కలైంది. ఓనరు పారిపోవడానికి ప్రయత్నించలేదు. నల్లబడిన ఫ్లాస్క్‌ని రెండు చేతుల్తో పట్టుకుని, ఎండకెత్తి చూస్తూ నిలబడ్డాడు.

*

"మిషన్ సక్సెస్," అన్నాడు పెద్దాయన. "ఓనరు దొరికాడు. సరుకు వాళ్ళకి దక్కలేదు."

"మనకీ దక్కలేదు సార్. ప్రపంచంలో ఇంకెక్కడా లేదది."

"ఆ వాక్యం రిపోర్టులో అక్కర్లేదు." కళ్ళజోడు పైనుంచి చూశాడు. "పెదవి నొప్పిగా ఉందా?"

"వదిన శవం ఎప్పుడిస్తారు?"

"ఎవరికి?"

"నాకు. ఇంకెవరున్నారు?"

పెద్దాయన ఫైలు తిరగేశాడు. "గుండువాడు స్టేట్‌మెంట్ ఇచ్చాడు. పొడుగువాడూ ఇచ్చాడు. చనిపోయే ముందు ఆవిడ నీ బంధువా అని అడిగితే నువ్వు కాదన్నావట, రెండుసార్లు. రికార్డులో సంతకాలయిపోయాయి. ఆవిడ దేశద్రోహి, నీకు మెడల్ వస్తోంది. ఇప్పుడు నేను బంధువని రాస్తే నీ మెడల్ పోతుంది, నా పెన్షనూ పోతుంది." ఫైలు మూశాడు. "ఎవరూ లేరని మునిసిపాలిటీకి అప్పజెప్పాం. నిన్ననే అయిపోయింది."

పిల్లి కుర్చీలోంచి లేవలేదు. లేవాలని గుర్తురాలేదు.

ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది. కింద ఎక్కడో డీజిల్ జనరేటర్ రెండుసార్లు దగ్గి అందుకుంది. కిటికీలోంచి నల్లటి పొగ మెల్లగా గదిలోకి వచ్చింది.

"ఆ కిటికీ వెయ్యి," అన్నాడు పెద్దాయన ఫైలుతో విసురుకుంటూ. "ఈ పొగకి ఎవడూ ఒక మందు కనిపెట్టడేం?"